పడక పుండుకు నూనె రుద్దడమా, పక్క మార్చడమా?

మా నాయనకు పక్షవాతం వచ్చి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో మూడు వారాలు మంచం మీదే ఉన్నాడు. పదో రోజు ఒళ్ళు తుడుస్తుంటే తోకెముక దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ కనిపించింది. వేలితో నొక్కి వదిలినా తెల్లబడలేదు. చిత్తూరు నుంచి వచ్చిన మా అత్త "రక్తం ఆడాలి, బాగా రుద్దు నాయనా" అని నువ్వుల నూనె చేతికిచ్చింది. రెండు రోజులు నేనే రుద్దాను. మూడో రోజుకు అక్కడ తోలు లేచిపోయింది, నా గుండె జారిపోయింది.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి ముందు రుద్దడం ఆపమంది. పరుపుకూ ఎముకకూ మధ్య కండ నలిగి, రక్తం అందక, లోపల అప్పటికే దెబ్బతిని ఉంటుందంట. దాని మీద రుద్దితే సన్నని రక్తనాళాలు ఇంకా చితుకుతాయి. చర్మం చిట్లకముందే అది గాయమే కాబట్టి 2016లో అమెరికా నిపుణులు 'అల్సర్' (పుండు) అనే మాట తీసేసి 'ప్రెషర్ ఇంజరీ' (ఒత్తిడి గాయం) అన్నారు. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడదు కూడా, చేత్తో తాకి వేడిగా, గట్టిగా ఉందేమో చూసుకోవాలి.

అందుకే నా ఓటు పక్క మార్చడానికే, అంటే మనిషిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడానికే. పుండు తెచ్చేది బరువు, ఆ బరువునే తీసేస్తుంది కాబట్టి. మామూలుగా రెండు గంటలకోసారి అంటారు, మనిషిని బట్టి డాక్టర్ మారుస్తారు. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. జరిపేటప్పుడు లాగొద్దు, కింద దుప్పటి వేసి ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తాలి. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి.

ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది ఉందని పక్క మార్చడం మానేస్తే కుదరదు. మధ్యలో బొక్క ఉండే రబ్బరు ట్యూబు మాత్రం వద్దు, చుట్టూ ఒత్తి రక్తాన్ని ఆపేస్తుంది. తిండిలో గుడ్డు, పప్పు తగ్గకూడదు, పుండు పూడాలంటే మాంసకృత్తులు కావాలి.

మర్దన అసలే వద్దని కాదు. బిగుసుకుపోయిన చేతులకు, భుజాలకు మెల్లగా చేస్తే నాయనకు హాయిగా ఉండేది. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే మాత్రం ముట్టుకోకుండా డాక్టర్‌కు చూపించాలి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

ఇప్పుడు అత్త నూనె చేతులకే రాస్తుంది. రెండు గంటల అలారం మోగేది కూడా ఆమె ఫోన్లోనే.