ట్రైలర్ మార్చాం, ట్రక్కూ మార్చాల్సొచ్చింది

నాలుగేళ్లు 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ లాగాం, అంటే ట్రక్కు బంపర్‌కి తగిలించుకుని తిప్పే చక్రాల ఇల్లు. డాలస్ నుంచి ఎటు బయల్దేరాలన్నా ముందు గాలి ఎలా ఉందో చూసుకునేవాళ్లం. విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లోకి పోయే 287 హైవే తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చెట్టూ లేదు, గుట్టా లేదు, పక్కనుంచి గాలి తోస్తూనే ఉంటుంది. పెద్ద ట్రక్కు మనల్ని దాటేటప్పుడు ముందు ట్రైలర్‌ని అవతలికి నెడుతుంది, ఆ వెంటనే తనవైపు గుంజుకుంటుంది. బరువు సర్దే కొక్కెం (వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్), ఊగకుండా ఆపే స్వే బార్లు అన్నీ పెట్టాం. అయినా అమరిల్లో చేరేసరికి నా వేళ్లు స్టీరింగ్ పట్టుకున్నట్టే బిగుసుకుపోయేవి.

ఈ జూన్‌లో అదే దారిన 32 అడుగుల ఫిఫ్త్ వీల్‌తో, అంటే ముందుభాగం ట్రక్కు తొట్టి మీద కూర్చునే ట్రైలర్‌తో వెళ్లాం. చిల్డ్రెస్ దాటాక ఒక ట్రక్కు రయ్యిమని దాటిపోయింది. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను. ఏమీ కాలేదు. పాత ట్రైలర్ కొక్కెం బంపర్ కింద, వెనక చక్రాలకి నాలుగడుగుల అవతల ఉండేది. అంత దూరం నుంచి తోక ఊగితే ట్రక్కు వెనకభాగం కూడా దాంతోపాటు ఊగుతుంది. ఫిఫ్త్ వీల్‌లో కింగ్‌పిన్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే ఇనుప పిన్) పికప్ తొట్టిలో, వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. ఊపడానికి దానికి చోటే లేదు. మార్చినందుకు ఇదొక్కటే చాలనిపించింది.

ఖర్చు సంగతి వేరు. మాకున్న హాఫ్ టన్ (తేలిక రకం) పికప్‌ని చూసి షోరూంలో అబ్బాయి "ఇది అవలీలగా లాగుతుంది సార్" అన్నాడు. లాగడం వేరు, మోయడం వేరు. డ్రైవర్ తలుపు తీస్తే అంచున కనిపించే స్టిక్కర్‌లో మా పేలోడ్, అంటే ట్రక్కు మోయగల బరువు, 1,600 పౌండ్లు. బంపర్‌కి తగిలించే ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు మీద వేస్తుంది. ఫిఫ్త్ వీల్ 20 శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వేస్తుంది. సామాను సర్దుకున్నాక 11,000 పౌండ్లు తూగే బండికి పిన్ మీదే 2,200. అందులో మనుషులం లేము, హిచ్ లేదు, అత్తయ్య బియ్యం మూట లేదు. చివరికి ఎక్కువ బరువు మోసే వన్ టన్ డీజిల్ ట్రక్కు కొన్నాం. కొనేముందు ఎవరి మాటా నమ్మకండి, ఆ స్టిక్కర్ చదవండి. కొన్నాక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కించి తూకం వేయించండి. ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్, మూడూ విడివిడిగా కాగితం మీద వస్తాయి. లైసెన్స్ గురించి చాలామంది అడుగుతున్నారు. టెక్సస్‌లో ట్రక్కూ ట్రైలరూ కలిపి 26,000 పౌండ్ల రేటింగ్ (తయారీదారు ఇచ్చిన గరిష్ఠ బరువు) దాటకపోతే మామూలు లైసెన్సే సరిపోతుంది. మాది దాటలేదు.

మొదటి మజిలీ పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్క్, అమరిల్లోకి దగ్గర్లోనే. పీఠభూమి అంచునుంచి లోయ అడుక్కి 10 శాతం వాలు. ఇంజిన్‌తోనే వేగం తగ్గించే డీజిల్ ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి తక్కువ గేర్‌లో దిగితే కాలు బ్రేక్ మీద పెట్టే పనే పడలేదు. కిందికి చేరాకే అసలు భయం మొదలైంది. మా బండి ఎత్తు 13 అడుగుల 2 అంగుళాలు. మా అమ్మాయి ఆ అంకె చీటీ మీద రాసి డాష్‌బోర్డుకి అంటించింది. మెస్కీట్ కొమ్మలకి ఆ చీటీ గురించి తెలియదు కదా! పైనున్న ఏసీ మూత గీసుకుపోయింది. పాత ట్రైలర్‌తో ఇదే పార్కులో తల పైకెత్తి చూసిన గుర్తే లేదు. సైట్‌లో నీళ్లూ కరెంటూ ఉన్నాయి, మురుగు గొట్టం మాత్రం లేదు. ఉంటే బాగుండేది, ఎందుకంటే మన వంటకి గ్రే ట్యాంక్ (వాడిన నీళ్లు చేరే తొట్టి) రెండు రోజుల్లో నిండుతుంది. పులుసు గిన్నె, నూనె మూకుడు, పెరుగు గిన్నె తోమడానికి ఎన్ని నీళ్లు కావాలో ఈ బండ్లు తయారుచేసేవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అక్కడినుంచి కదిలే ఉదయం ఒక ప్రమాదం త్రుటిలో తప్పింది. నేను ట్రక్కు వెనక్కి పోనిచ్చాను, ఠంగుమని చప్పుడైంది, మా ఆయన "పడింది, పద" అన్నాడు. టార్చి వేసి చూస్తే పిన్ పైన ఉండే పలకకీ హిచ్ పలకకీ మధ్య రెండు వేళ్ల సందు, అవతలి వెలుతురు కనబడుతోంది. పిన్ హిచ్ దవడల్లోకి దిగలేదు, పైన కూర్చుంది. అలాగే ట్రైలర్‌ని నిలబెట్టే కాళ్లు ఎత్తేసి కదిలితే బండంతా తొట్టి అంచుల మీద కూలబడేది. ట్రైలర్ కాళ్లు నేల మీద ఉండగానే ట్రైలర్ బ్రేకులు నొక్కి ట్రక్కుని ఒక్క గుంజు గుంజి చూడాలి. అప్పటినుంచి టార్చి నా డోర్ జేబులోనే ఉంటోంది.

డాల్‌హార్ట్, క్లేటన్ దారిలో చెప్పుకోడానికేం లేదు. 7,834 అడుగుల రాటన్ పాస్‌ని ట్రక్కు లెక్కచేయలేదు. డీజిల్ మాత్రం బాగా తాగింది, గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు. పైగా కార్ల బంకుల్లోకి దూరలేం, పెద్ద ట్రక్కుల వరుసలోనే నింపుకోవాలి.

కొలరాడోలో వాల్సెన్‌బర్గ్ పక్కన లాత్రోప్ స్టేట్ పార్క్‌లో నాలుగు రాత్రులున్నాం. ఎదురుగా స్పానిష్ పీక్స్ కొండలు, పక్కన చెరువు, చిన్న చెట్లు. పాలో డ్యూరో చూడ్డానికి గొప్పది, ఉండటానికి నా ఓటు దీనికే. బండి ఇక్కడే దించేసి ఉత్త ట్రక్కుతో లా వీటా పాస్ మీదుగా గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఇసుక దిబ్బలకి వెళ్లొచ్చాం. స్లైడ్ (గది పెద్దదయ్యేలా బయటికి జరిగే గోడభాగం) ఒకటి సగంలో ఆగిపోతే ఊళ్లోంచి మెకానిక్ తన వ్యాన్‌లోనే వచ్చి గంటలో బాగుచేశాడు. మా డీలర్‌ని అడిగితే ఆరు వారాల తర్వాత తేదీ ఇచ్చారు.

అత్తయ్యకి కొత్త వంటిల్లు తెగ నచ్చింది, తలెత్తి నిలబడి తాలింపు పెట్టుకోవచ్చని. పడగ్గదికి మాత్రం మూడు మెట్లెక్కాలి. మొదటి రాత్రే మోకాళ్లు పట్టుకుని "ఇల్లు పెద్దదేనమ్మాయ్, నాకు మాత్రం సోఫానే" అంది. తొట్టిలో హిచ్ ఉండేసరికి సైకిళ్లకీ చోటు పోయింది.

ఇక శని ఆదివారాల కోసం దీన్ని తీయబుద్ధి కావడం లేదు. తగిలించి, సర్ది, దించేసరికే ఒక పూట అయిపోతుంది. మా పాత ట్రైలర్ కొన్నవాళ్లు డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటారు. ఎప్పుడైనా ఒక వారాంతం అద్దెకిస్తారేమోనని మా ఆయన మెసేజ్ పెట్టాడు. చూశారు, జవాబు ఇంకా ఇవ్వలేదు.