చిబిండా ఇలుంగా విగ్రహమా, ఎన్‌గోంబో బుట్ట బొమ్మలా: చోక్వేల ఆత్మల నమ్మకం తెలియాలంటే ఏది చూడటం మేలు?

అంగోలా ఈశాన్యాన లుండా ప్రాంతంలో, దాన్ని ఆనుకున్న కాంగోలో, జాంబియాలో ఉండే చోక్వే తెగవాళ్ల కొయ్య బొమ్మలు అనగానే అందరూ ముందు చూపించేది 19వ శతాబ్దపు చిబిండా ఇలుంగా విగ్రహం. పనితనం చూడాలంటే దానికి సాటి లేదు. సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు, వంగిన మోకాళ్లు, ఒంటికి మించిన చేతులూ పాదాలూ, పక్కలకు చుట్ట తిరిగిన పెద్ద తలపాగా, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో వేటమందు పెట్టే జింక కొమ్ము. కొన్నింటికి గడ్డం నిజం వెంట్రుకలదే. డల్లాస్ వైపు ఉన్న మనవాళ్లకు దగ్గరే, ఫోర్ట్‌వర్త్ కింబెల్ మ్యూజియంలో ఒకటి ఉంది.

అయితే అది దర్బారు బొమ్మ. లుండా రాణి లువేజిని పెళ్లాడిన లుబా తెగ వేటగాడైన చిబిండాను చోక్వే దొరలు తమ పెద్దరికానికి మూలంగా చెప్పుకున్నారు. మామూలు ఇంట్లో జబ్బు చేసినా, పిల్లలు పుట్టకపోయినా పిలిచేది తాహిని, అంటే సోది చెప్పేవాణ్ని. అతని ఎన్‌గోంబో బుట్టలో తుపెలె అనే చిన్న కొయ్య బొమ్మలు, గింజలు, గోళ్లు, ఎముక ముక్కలు పదుల సంఖ్యలో ఉంటాయి. బుట్టను కుదిపి, పైకి తేలినవి ఏవో, ఏది దేని పక్కన ఆగిందో, బుట్టలో ఎర్రమట్టి పూసిన వైపా సుద్ద పూసిన వైపా అన్నది చదువుతాడు. ఎరుపు కీడు, తెలుపు మేలు. నెత్తిన చేతులు పెట్టుకున్న కత్వాంబింబి ఏడుపుకు గుర్తు. మోచేతులు మోకాళ్లకు ఆనించి కూర్చున్న కుకు పెద్దల ఆత్మ.

పట్టించుకోని పితరుల ఆత్మే, అంటే హాంబాయే, కారణమని తేలితే దానికి బొమ్మ చెక్కిస్తారు. మెడలో కట్టుకునేంత చిన్నవీ ఉంటాయి. చెక్కుడు మోటు, అయినా నమ్మకం పనిచేసేది ఇక్కడే. కాబట్టి ఆత్మల సంగతి తెలియాలంటే నా ఓటు బుట్టకే.

ఒక ఇబ్బంది ఉంది. తుపెలెను విడివిడిగా అద్దాల పెట్టెల్లో పెడితే అర్థం పోతుంది, పక్కనున్నదాన్ని బట్టే ప్రతి బొమ్మా మాట్లాడుతుంది. తుడిచి మెరుగు పెట్టినా అంతే, మట్టిపూత ఊడిపోతుంది.

కొనేవాళ్లకు ఇంకో మాట: అంగోలా గుర్తుగా అమ్మే ‘పెన్సదోర్’ (ఆలోచించేవాడు) బొమ్మ ఈ కుకు రూపం నుంచే వచ్చింది, కానీ లుండాలోనే ఉన్న దుందో మ్యూజియం శిల్పుల చేతిలో 1940లలో. పాత ఆత్మ విగ్రహమని ధర చెబితే నమ్మకండి.