గోడకు పట్టిన బూజు: బ్లీచింగ్, వెనిగర్, పెరాక్సైడ్, సున్నం – ఏది మేలు?

విశాఖ, కాకినాడ వైపు వానలు ఊపందుకున్నాయంటే బీరువా వెనక, బాత్రూమ్ సీలింగ్ మూలల్లో, వానజల్లు కొట్టే గోడకి లోపలివైపు నల్లచుక్కలు మొదలవుతాయి. నలుగురినడిగితే నాలుగు మందులు చెబుతారు. నాలుగూ పనిచేసేవే, కాకపోతే ఒక్కోటి ఒక్కో రకం గోడకి. కాబట్టి ముందు చూడాల్సింది గోడకి పైన ఏం పూశారన్నది.

ఇంకో సంగతి. గోడ అడుగున తెల్లగా పొడి రాలుతుంటే అది బూజు కాదు, ఉప్పు. నీళ్లచుక్క వేసి చూడండి: ఉప్పయితే కరుగుతుంది, బూజు కరగదు. ఉప్పుకి ఈ నాలుగింట్లో ఏదీ మందు కాదు.

బ్లీచింగ్ పౌడర్ టైల్స్‌కి, సింక్‌కి, గ్లేజు వేసిన దేనికైనా మేలు. తాజా పౌడర్‌లో 30 శాతానికి పైగా క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లకి 15 గ్రాములు కలిపి, అరగంట కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లే వాడాలి. అడుగు మడ్డి కూడా పూస్తే తెల్లచారలు మిగులుతాయి. పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేస్తే చాలు. మూతి విప్పి ఏడాదిగా పడున్న ప్యాకెట్‌లో పస ఉండదు, కొత్తది తెచ్చుకోవడమే.

ప్లాస్టరింగ్ గోడ మీద ఇదే మందు మోసం చేస్తుంది. నీళ్లు లోపలికి ఇంకుతాయి, క్లోరిన్ మాత్రం పైపైనే ఖర్చయిపోతుంది. మచ్చ తెల్లబడుతుంది గనుక పనైపోయిందనుకుంటాం. లోపలి బూజు పోగులు అలాగే ఉంటాయి, పైగా వాటికి మనమే నీళ్లు పట్టాం. కొన్ని వారాల్లో అదే చోట మళ్లీ నలుపు.

బ్లీచింగ్ నీళ్లు పోసిన చోట టాయిలెట్ యాసిడ్ గానీ వెనిగర్ గానీ పోయకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

వెనిగర్ గురించి నెట్‌లో చెప్పుకునేంత లేదు. కిరాణా కొట్లో దొరికే సింథటిక్ రకంలో ఎసిటిక్ యాసిడ్ 4 శాతం దాకా ఉంటుంది. నీళ్లు కలపకుండా స్ప్రే చేసి గంట ఉంచితే చెక్క సామాను, ఫ్రిజ్ తలుపు రబ్బరు మీద బూజు చాలావరకు పోతుంది. అన్ని రకాల బూజూ దీనికి లొంగదు. మన ఇళ్లలో అసలు చిక్కు వేరే ఉంది: కడప బండ, తాండూరు బండ, పాలరాయి అన్నీ సున్నపు జాతివే. వంటింటి అరల్లో కడప బండ మీద వెనిగర్ పోస్తే నునుపు పోయి మచ్చ పడుతుంది, కడిగినా అది పోదు. సున్నం కొట్టిన గోడకీ ఇది పనికిరాదు.

ఎమల్షన్ పెయింట్ వేసిన గోడలకి హైడ్రోజన్ పెరాక్సైడ్‌కే మా ఓటు. మెడికల్ షాపులో 20 వాల్యూమ్ అని రాసి ఉన్న సీసా అడగండి. అది 6 శాతం, సమంగా నీళ్లు కలిపితే 3 శాతమవుతుంది. ముందు డిటర్జెంట్ నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మురికి తుడవాలి, లేకపోతే మందంతా మురికి మీదే ఖర్చవుతుంది. తర్వాత స్ప్రే చేసి పావుగంట ఆగి, తుడిచి, గోడ పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్ పెట్టాలి. ముదురు రంగుల్ని వెలిసిపోయేలా చేస్తుంది, అందుకే బీరువా చాటున ఒకచోట చూసుకుని మొదలుపెట్టండి. వెనిగర్‌తో కలిపి ఒకే సీసాలో పోయొద్దు.

సున్నం పాత ఇళ్లకి మిగతా మూడింటికంటే మేలు. తడి సున్నం పీహెచ్ 12 దాటుతుంది, అంత క్షారంలో బూజు బతకదు. పైగా గోడలోని తేమని బయటికి పోనిస్తుంది. కిలో కాల్చిన సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, ఇనప డబ్బాలోనే. ఉడికేటప్పుడు పుట్టే వేడికి ప్లాస్టిక్ బకెట్ వంకరపోతుంది. ఒక రోజంతా ఉంచి గుడ్డలో వడకట్టి, పది లీటర్లకి 40 గ్రాముల బంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. పల్చటి మజ్జిగలా ఉన్నప్పుడే, ఒక పూత ఆరాక ఇంకొకటి, మూడు పూతలు. చిక్కగా ఒకేసారి కొడితే పెచ్చులుగా రాలుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. గాలి తగిలేకొద్దీ క్షారం తగ్గిపోతుంది కాబట్టి రెండేళ్లకోసారైనా మళ్లీ కొట్టాలి. ఎమల్షన్ మీద మాత్రం సున్నం నిలవదు.

ఏ మందు వేసినా పొడి బ్రష్‌తో గీకకండి, బూజు పొడి గదంతా లేస్తుంది. తడిపి తుడవండి, ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకోండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్‌ని గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచండి. గోడవైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి: అవతలి బాత్రూమ్ పైపు, సన్‌షేడ్ పగులు, డాబా పిట్టగోడ అతుకు, ఏసీ డ్రెయిన్ గొట్టం చూడాలి. గదివైపు పడితే తప్పు గదిలోని గాలిది. లోపల బట్టలారేయడం మానాలి, బీరువాని గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరపాలి. గదిలో తేమ 60 శాతం లోపు ఉండాలి, దాన్ని చూపించే చిన్న మీటర్ కొనుక్కోవచ్చు. కిటికీలు తెరవమనే సలహా కోస్తాలో అన్నివేళలా పనిచేయదు. బయటే 80 దాటినప్పుడు తలుపులేసి ఏసీని డ్రై మోడ్‌లో నడపడమే నయం. బీరువాలో కలరా ఉండలు పురుగుకే గానీ తేమకి కాదు, తేమకి క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెట్టాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా నానిన పరుపులకి, ప్లైవుడ్‌కి ఈ నాలుగింట్లో ఏదీ పనిచేయదు, పారేయాల్సిందే. గోడకైతే ఫాయిల్ కింద చెమ్మ పడటం మానేదాకా పుట్టీ, పెయింట్ జోలికి పోవద్దు.