గాజువాక ఉప్పుగాలిలో నా బైకు మూడు సైలెన్సర్లు

నాది 2013లో కొన్న 125 సీసీ బైకు, బీఎస్-3 కాలంది (బీఎస్ అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం). ఇంటి నుంచి డ్యూటీకి నాలుగు కిలోమీటర్లే. బండితో వచ్చిన సైలెన్సర్ ఆరేళ్లు నడిచింది. తర్వాత వేయించిన లోకల్ మాల్ 14 నెలలకే పోయింది. ఇప్పుడున్నది కంపెనీ పార్టు, దానికి నాలుగున్నరేళ్లు దాటాయి. రెండు రకాలూ వాడి చూసినవాడిగా చెబుతున్నాను: రోజూ తిరిగే బండికి కంపెనీ సైలెన్సరే వేయించండి. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

2019 వానాకాలంలో బండి శబ్దం బొంగురుపోయింది. సెంటర్ స్టాండ్ వేసి వంగి చూస్తే సైలెన్సర్ అడుగున, వెనక వైపు, వేలు దూరేంత చిల్లు. పైన క్రోమ్ మాత్రం అద్దంలా ఉంది. వారానికోసారి తుడిచేవాణ్ని కదా, తుప్పు ఎలా పట్టిందా అని బాధపడ్డాను. తుప్పు లోపలి నుంచి వచ్చిందని మెకానిక్ చూపించాకే తెలిసింది. పెట్రోలు మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. లీటరు పెట్రోలుకు దాదాపు లీటరు నీరు. దూరం తిరిగే బండిలో సైలెన్సర్ బాగా కాలి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. నాలుగు కిలోమీటర్లకు అది కాలేలోపే నేను బండి ఆపేస్తాను. ఆవిరి చల్లారి నీరై అడుగున నిలిచిపోతుంది, పొగలోని ఆమ్లాలూ అందులో కలుస్తాయి. బయట నుంచి సముద్రపు ఉప్పుగాలి ఎలాగూ ఉంది. మా ఊళ్లో బళ్లకు ఇది తప్పని బాధ.

ముందు గ్యాస్ వెల్డింగ్ పెట్టించాను. రెండు నెలలు ఆగి, అతుకు పక్కనే ఇంకో చిల్లు పడింది. జాయింటు దగ్గర పగులు అయితే వెల్డింగ్ నిలుస్తుంది. రేకు మొత్తం పలచబడ్డాక అతుకు వేయించడం డబ్బు దండగ.

అప్పుడు ఆటోనగర్‌లో రూ.1,100 పెట్టి లోకల్ సైలెన్సర్ కొన్నాను. కంపెనీది రూ.3,400 చెప్పారు, అంత తేడా చూసి మనసు ఒప్పలేదు. బిగించేటప్పుడే తేడా తెలిసింది. బ్రాకెట్ రంధ్రం అర సెంటీమీటరు పక్కకు ఉంది. మెకానిక్ బలంగా లాగి పట్టుకుని బోల్టు ఎక్కించాడు. అలా లాగి బిగించిన సైలెన్సర్ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. దానికి ఇంజన్ వణుకు తోడై పదకొండో నెలలో బ్రాకెట్ వెల్డింగ్ పగిలింది. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వచ్చే బెండ్ పైపు దగ్గర పాత గ్యాస్కెట్‌నే (సందు మూసే రింగు) మళ్లీ వాడటం ఇంకో తప్పు. అక్కడ గాలి లీకై, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పటపటమని పేలేది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది శబ్దం. కొత్తలో పర్వాలేదు, ఆరు నెలలకు బాగా పెరిగింది. బి షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకు ఇంటికొస్తాను. అప్పట్లో పక్కింట్లో నెలల పాప. నా బండికి ఆ పాప ఉలిక్కిపడి లేస్తోందని వాళ్ల అమ్మమ్మ మా ఆవిడతో చెప్పారట. ఆ రోజు నుంచి వీధి మొదట్లోనే ఇంజన్ ఆపి బండి తోసుకుంటూ వచ్చేవాణ్ని. పొగ సులువుగా పోతుంది కాబట్టి పికప్ పెరుగుతుందని షాపులో అన్నారు. నా బండిలో అదేం కనిపించలేదు. ఇంజను, కార్బురేటరు, సైలెన్సరు ఒకదానికొకటి సరిపోయేలా తయారై వస్తాయి, ఒక్కటి మార్చినంత మాత్రాన బలం రాదు.

2020 చివర్లో కంపెనీ పార్టు కొన్నాను. పాత రెండింటినీ వెల్డింగ్ షాపులో నిలువునా కోయించి చూశాను. బండితో వచ్చినదానిలో అడ్డ రేకులతో మూడు గదులు, వాటి మధ్య చిన్న పైపులు ఉన్నాయి. పొగ ముందుకూ వెనక్కూ తిరిగి వచ్చేసరికి శబ్దం అణిగిపోతుంది. లోకల్‌దానిలో చిల్లుల పైపు ఒక్కటే, చుట్టూ గ్లాస్ వూల్ (గాజు దూది). ఆ దూది సగం కాలిపోయి, మిగతాది తడిసి ముద్దగా ఉంది. శబ్దం ఎందుకు పెరుగుతూ పోయిందో అప్పుడర్థమైంది. “చేత్తో ఎత్తి చూడండి బాబూ, ఏది బరువుందో మీకే తెలుస్తుంది” అన్నారు వెల్డింగ్ ఆయన. కొనేటప్పుడు మీరూ ఎత్తి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలుదని ఎక్కువ ధర చెబితే అయస్కాంతం అంటుకుంది కాబట్టి అది స్టెయిన్‌లెస్ కాదని తేల్చేయకండి, సైలెన్సర్లకు వాడే 409 రకం స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది.

ఈసారి బిగింపు దగ్గర కూర్చుని చేయించాను. సిలిండర్ హెడ్ దగ్గర, పైపును పట్టి ఉంచే స్టడ్లు (బోల్టు కడ్డీలు) తుప్పు పట్టి ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి, ఆ ఖర్చు సైలెన్సర్‌ను మించిపోవచ్చు. అందుకే ముందు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచాను. కొత్త గ్యాస్కెట్ వేయించాను, దాని ఖరీదు రూ.40. ముందు అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించి, తర్వాత హెడ్ దగ్గరివి, చివర్లో బ్రాకెట్‌ది బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మరోసారి బిగించుకోవాలి.

బీఎస్-6 బండి ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటి పొగ గొట్టంలో పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ ఉంటాయి. అవి లేని బయటి సైలెన్సర్ వేస్తే ఇంజన్ లైటు వెలగడమే కాదు, పొగలోని విషం కూడా పెరుగుతుంది. శబ్దానికీ చట్టం ఉంది. 80 నుంచి 175 సీసీ బైకులకు తయారీ దశలో పరిమితి 77 డెసిబెల్స్. శబ్ద ప్రమాణాలు దాటితే మోటారు వాహన చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఈ సైలెన్సర్ మీద ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగాను. శబ్దం మొదటి రోజులాగే ఉంది. కడిగేటప్పుడు వెనక గొట్టంలో గుడ్డ కుక్కుతాను. అడుగున నీరు పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోకుండా నెలకోసారి తీగతో పొడుస్తాను. ఆదివారం అనకాపల్లి వైపు హైవే మీద ఇరవై కిలోమీటర్లు నడుపుతాను, లోపలి తడి అంతా ఆరిపోతుంది. మొన్న సర్వీసులో అడుగు సీము (రేకు అతుకు) మీద గోరంత తుప్పు మచ్చ కనిపించింది. గరుకు కాగితంతో గీకి, వేడికి తట్టుకునే నల్ల పెయింటు రెండు కోట్లు వేశాను. ఈ వానలు తగ్గాక మళ్లీ స్టాండ్ వేసి చూడాలి.