నెక్ పగుళ్ళకి ఎనీలింగ్ మెషిన్: కొన్నేళ్ళు వాడాక నా మాట

ఇక్కడ టెక్సాస్‌లో సొంతంగా రీలోడింగ్ (పేలిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్ళీ మందు, బుల్లెట్ నింపడం) చేసుకునే మనవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటే. "అన్నా, .308 కేసుల నెక్‌లు పగులుతున్నాయి, ఎనీలింగ్ మెషిన్ కొనేయమంటావా?" .308 ఒక రైఫిల్ తూటా సైజు, కేసు అంటే ఆ ఇత్తడి గొట్టం, నెక్ అంటే బుల్లెట్‌ని పట్టుకునే దాని మెడ. గట్టిపడ్డ ఆ నెక్‌ని వేడిచేసి మెత్తబరచడమే ఎనీలింగ్. గ్యాస్ మంటతో నడిచే మెషిన్ ఒకటి కొన్నేళ్ళుగా వాడుతున్నాను, మంచి పరికరమే. కానీ అది ఆపగలిగేది ఒక్క రకం పగులునే. మీది ఆ రకమో కాదో తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి. (ఇండియాలో ఉన్నవాళ్ళకి: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఇదంతా అమెరికా సంగతి.)

కేసు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్. పేల్చినప్పుడల్లా నెక్ ఉబ్బుతుంది, మళ్ళీ నింపేముందు డై అనే అచ్చు దాన్ని నొక్కుతుంది, డై లోపలి ఎక్స్‌పాండర్ బాల్ అనే గుండు మళ్ళీ వెడల్పు చేస్తుంది. ఇలా నలిగి నలిగి ఇత్తడి గట్టిపడి, సాగే గుణం పోయి, ఒకనాడు చీలుతుంది. ఆ చీలిక నోటి అంచున మొదలై నిలువుగా కిందికి దిగుతుంది. చుట్టూ గ్యాస్ కారిన నల్లమసి ఉంటుంది, గోరు అడ్డంగా లాగితే తగులుతుంది. ఎన్నోసార్లు లోడ్ చేసిన కేసుల్లో ఇలా ఒకటీ అరా కనిపిస్తే మెషిన్ పనికొస్తుంది.

ఒక్కసారే పేల్చిన కేసులు, అదీ ఒకే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి), వరసగా చీలుతుంటే అనుమానం ఆ ఇత్తడి మీదికి పోవాలి. అన్ని బ్రాండ్లూ ఒకే రైఫిల్‌లో చీలితే ఛాంబర్ (తూటా కూర్చునే గది) కొలిపించండి. పేల్చకుండా డబ్బాలో ఉన్న తూటాలే పగిలితే అది నిల్వ దోషం. బ్రిటిష్ ఇండియాలో వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు ఇలాగే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి చేసిన పని అదని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు. అందుకే అమ్మోనియా ఉన్న పాలిష్‌లు కేసులు శుభ్రం చేసే నా టంబ్లర్ దగ్గరికి రానివ్వను.

పగులు అడ్డంగా, అడుగుకి కాస్త పైన మెరిసే గీతలా ఉంటే అది నెక్ సమస్యే కాదు, కేసు రెండు ముక్కలయ్యే ముందు కనిపించే గుర్తు. పేపర్ క్లిప్ కొస వంచి లోపల గీకితే గాడి తెలుస్తుంది. ఆ లాట్ మొత్తం వాడటం ఆపండి.

ఇక మెషిన్ సంగతి. చక్రం ఒక్కో కేసునీ మంట ముందు తిప్పి ట్రేలోకి వదులుతుంది. ఎన్ని సెకన్లన్నదే అసలు కిటుకు. నెక్ లోపల 750 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కరిగే టెంపిలాక్ అనే పూత రాసి, అది కరిగే సమయం చూసుకుని పెడతాను. షోల్డర్ (నెక్ దిగువన వెడల్పయ్యే భుజం) కింద 450 డిగ్రీలది కూడా రాస్తాను, అది కరిగితే వేడి కిందికి దిగినట్టే. అడుగు భాగం మెత్తబడకూడదు. .308లో గరిష్ఠంగా 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని తట్టుకునేది అదే. బ్రాండ్ మారితే మందం మారుతుంది, సమయం మళ్ళీ సెట్ చేయాల్సిందే. గాలి వీచినా, సిలిండర్ చల్లబడినా మంట మారిపోతుంది. అప్పుడప్పుడు కేసు చక్రంలో ఇరుక్కుని మంటలోనే ఉండిపోతుంది, దాన్ని పారేయడమే. మెషిన్‌ని వదిలేసి పక్కకి వెళ్ళే వీలు లేదు, నాకు నచ్చనిది ఇదే.

ఫలితం మాత్రం స్పష్టం. నలిగి చీలే కేసులు దాదాపు కనిపించడం లేదు. బుల్లెట్ సీటింగ్‌లో (నెక్‌లోకి బుల్లెట్ నొక్కేటప్పుడు) చేతికి తగిలే బిగువు కూడా అన్నిటికీ ఒకేలా ఉంది. ఇప్పుడు నా కేసులు రిటైరయ్యేది ప్రైమర్ పాకెట్ (మందుని రాజేసే ప్రైమర్ కూర్చునే అడుగు గుంట) వదులై.

అయినా ప్రతిసారీ లోడింగ్‌కి ముందు నాలుగైదు కేసులు గుప్పిట్లో వేసి గలగలలాడిస్తాను. కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టే, పగిలింది బొంగురుగా మోగుతుంది.

నెలకో రెండు పెట్టెలు పేల్చేవాళ్ళకి ఈ ఖర్చు అనవసరం. నెక్‌ని మరీ నలపకుండా బుషింగ్ డై వాడితే చాలు. చీలిన కేసుని మాత్రం ప్లయర్‌తో నొక్కేసి స్క్రాప్‌లో వేయండి, ఇంకెవరూ ఏరుకుని లోడ్ చేయకుండా.