కాన్వీలో 'కోట కనిపించే గది' తీసుకోకండి

వేల్స్ ఉత్తర తీరంలోని కాన్వీకి వెళ్లేవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే: కోట కనిపించే గది ఇస్తామని ఎవరైనా ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి. మామూలు గది 95 పౌండ్లయితే, దానికి మా దగ్గర ఇంకో 25 తీసుకున్నారు. తీరా వెళ్లి కర్టెన్ తీస్తే కార్ల పార్కింగ్, చెత్త డబ్బాలు. బాత్‌రూమ్ కిటికీ తెరిచి పక్కకు వంగితే ఒక బురుజు కొస కనిపించింది. ఇదేమిటని అడిగితే, కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "కనిపిస్తోంది కదా" అన్నాడు. నాన్న ఆ సాయంత్రం టీ కూడా ముట్టలేదు. "డబ్బు పోతే పోయిందిరా, నమ్మించి ఇలా చేస్తారా?" అని రాత్రంతా అదే మాట. పొద్దున గట్టిగా అడిగితే 10 పౌండ్లు వెనక్కిచ్చారు.

కోట చుట్టూ దృశ్యం చెడకుండా ఆ ఊరు ఎంత శ్రమపడిందో తెలిశాక నాకు కోపం ఇంకా పెరిగింది. నది మీద కోట పక్కనే మూడు వంతెనలున్నాయి: 1826లో ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన, 1848 నాటి రైలు వంతెన, 1958 నాటి రోడ్డు వంతెన. ట్రాఫిక్ పెరిగాక అక్కడే ఇంకోటి కట్టకుండా, నది అడుగున సొరంగం వేశారు. పోతపోసిన కాంక్రీటు గొట్టాలను నీళ్లలో తేల్చుకొచ్చి, అడుగున తవ్విన కాలువలోకి దించి అతికారు. 1991లో తెరిచిన ఈ సొరంగం ఆ తరహాలో బ్రిటన్‌లో మొదటిది. నాన్న నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఈ సంగతి విన్నాకే ఆయన ముఖం విప్పారింది.

కోటకు పూర్తిగా ఒక పూట ఇవ్వండి. వేల్స్‌ను గెలిచిన ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టి నాలుగైదేళ్లలో కట్టించాడు. మొత్తం ఎనిమిది బురుజులు. ఇంత కోటనీ 1401 గుడ్ ఫ్రైడే రోజు, సైనికులు చర్చిలో ఉండగా, ఇంగ్లండ్ మీద తిరగబడ్డ వేల్స్‌వాళ్లు, టూడర్ సోదరుల మనుషులు పట్టేసుకున్నారు! అయితే దాన్ని గుల్ల చేసింది శత్రువులు కాదు. 1665లో అప్పటి యజమానే సీసం, ఇనుము ఊడబీకి అమ్ముకున్నాడు. కప్పులు లేక గోడలు శతాబ్దాలపాటు వానకు నానాయి. 1953 తర్వాత ప్రభుత్వం చేతికొచ్చాకే పెద్ద మరమ్మతులు జరిగాయి. 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఇప్పుడు వేల్స్ వారసత్వ విభాగం 'కాడూ' చూసుకుంటోంది. మెట్లు, రెయిలింగులు దిట్టంగా ఉన్నాయి, సిబ్బంది ఓపికగా చెప్పారు. మోకాళ్ల నొప్పితో అమ్మ మాత్రం కిందే కూర్చుంది.

అసలు దృశ్యం ఊరి ప్రాకారం మీద ఉంది, అదీ ఉచితంగా. 1.3 కిలోమీటర్ల గోడ, 21 బురుజులు. పడమటి వైపు పైకొసన ఉన్న బురుజెక్కితే ఊరి కప్పుల మీదుగా కోట, నది నిండుగా కనిపిస్తాయి. వాన పడితే రాళ్లు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. మెట్లెక్కలేని పెద్దవాళ్లను టెల్ఫర్డ్ వంతెన దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మకు అక్కడే బాగా నచ్చింది.