అప్పుల సలహాదారు శిక్షణకు డబ్బు కట్టబోతున్నవారికి హెచ్చరిక

నిన్న సాయంత్రం మా పిన్ని ఫోన్ చేసి, “నా అప్పుల సంగతి నీకొక్కదానికే కదమ్మా చెప్పుకున్నాను, ఇప్పుడెవరో ఫోన్ చేసి ఏ అప్పు ఎంతుందో అంకెలతో సహా చెబుతున్నారేమిటి?” అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. మరొకరి ఇంట్లో ఇలాంటి ఫోన్ మోగకూడదని ఇది వెంటనే రాస్తున్నాను.

డబ్బు, అప్పుల విషయంలో సలహాదారులుగా తయారు చేస్తామని, 12 వారాల శిక్షణ ముగియగానే ధ్రువపత్రంతో పాటు పని కూడా చూపిస్తామని ఎడతెగకుండా ప్రకటనలిచ్చే సంస్థ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఏడాది పాటు కూడబెట్టిన డబ్బును, తగ్గింపు ఇస్తామన్నారని, ఒకేసారి కట్టేశాను. నిబంధనల పత్రం చివరిదాకా చదవలేదు. ఆ తప్పు నాదే.

మొదటి వారాల్లో చెప్పిన పాఠాలు నిజంగా బాగున్నాయి, అందుకే అంతగా నమ్మాను. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ అని చెప్పి 12 వాయిదాల్లో వసూలు చేసే అప్పుకు, అసలు తగ్గుతూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే పడుతుంది కాబట్టి, నిజంగా పడే వడ్డీ రేటు దాదాపు 21.5 శాతం అవుతుందని మా చేతే లెక్క కట్టించారు. నెలకు నూటికి మూడు చొప్పున చక్రవడ్డీ పెరిగే బాకీ, ఏమీ కట్టకపోతే 24 నెలల్లో రెట్టింపు దాటుతుందని చూపించారు. ముందు కట్టవలసింది ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు కాదని, కట్టకపోతే ఇల్లో కరెంటో పోయే బాకీని, కోర్టు దాకా వెళ్లిన బాకీని ముందు చూసుకోవాలని, ఆ తర్వాతే క్రెడిట్ కార్డుల సంగతి ఆలోచించాలని నేర్పారు. 1939లో యుద్ధం మొదలైన రోజుల్లోనే బ్రిటన్‌లో తెరుచుకున్న, జనానికి ఉచితంగా సలహా ఇచ్చే సిటిజెన్స్ అడ్వైస్ కేంద్రాల గురించి, 1951లో అమెరికాలో మొదలైన, అప్పుల సలహా సంస్థల సంఘమైన నేషనల్ ఫౌండేషన్ ఫర్ క్రెడిట్ కౌన్సెలింగ్ గురించి ఎంతో గౌరవంగా చెప్పారు. వింటున్నప్పుడు నేనూ ఆ సేవలో భాగం కాబోతున్నానని మనసు నిండిపోయింది.

మూడో వారంలో, బాగా తెలిసిన ఒక కుటుంబం ఆదాయ వ్యయాల పట్టిక తయారు చేసి పంపమన్నారు. కల్పిత వివరాలైతే నేర్చుకోలేరని, అన్నీ గోప్యంగా ఉంచుతామని చెప్పారు. పట్టికలో పేరుకు, ఫోన్ నంబరుకు కూడా గడులు ఉన్నాయి. సలహా నేర్చుకోవడానికి ఫోన్ నంబరు ఎందుకన్న ప్రశ్న నాకు ఆ రోజు తట్టకపోవడాన్ని నేను ఇంకా క్షమించుకోలేకపోతున్నాను. బాబాయికి కూడా తెలియకుండా బీరువాలో బట్టల కింద దాచుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, మూడు కార్డుల బిల్లులూ ఒక చేబదులు కాగితమూ మా పిన్ని ఒక్కొక్కటిగా నా ముందు పరిచింది. అన్నీ మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. వాటిని చూసే నేను ఆ పట్టిక నింపాను.

ఆరో వారంలో ఫోన్‌లో ఎలా మాట్లాడాలో అభ్యాసం చేయించారు. శిక్షణ ఇచ్చేవారిలో ఒకామె అప్పులపాలైన మనిషిగా మాట్లాడుతుంటే నేను సలహాదారుగా మాట్లాడాలి. అద్దె బాకీ ఉందా, కోర్టు నోటీసు ఏమైనా వచ్చిందా అని నేను అడుగుతుండగానే ప్రధాన శిక్షకుడు ఆపేశాడు. “అంత వివరం అక్కర్లేదండీ. మొత్తం అప్పు ఎంతో అడగండి. మనం పెట్టుకున్న పరిమితి దాటితే మన భాగస్వామి సంస్థ సెటిల్‌మెంట్ పథకంలో చేర్పించండి. ఒక్కో కేసుకూ మీకు కమీషన్ వస్తుంది” అన్నాడు. ఆ పథకం ఆ మనిషికి సరిపడకపోతే ఏం చేయాలని అడిగాను. “అది చూడడం మీ పని కాదు” అని, అందరికీ కనిపించేలా తెర మీద ఒక జాబితా తెరిచి, “మీరిచ్చిన కుటుంబాలతోనే మొదలుపెడదాం” అన్నాడు. పద్నాలుగో వరుసలో మా పిన్ని పేరు, ఫోన్ నంబరు, బాకీల మొత్తం ఉన్నాయి.

క్లాసులో ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ ఆ క్షణంలో నోరు తెరవలేకపోయాను.

ఆ పథకం ఏమిటో ఆ రాత్రి వాళ్ల పత్రాలే చదివి తెలుసుకున్నాను. బేరమాడి బాకీ తగ్గిస్తామన్న మాట నమ్మి, అప్పులిచ్చినవారికి వాయిదాలు ఆపేసి, నెలనెలా ఆ డబ్బు సెటిల్‌మెంట్ సంస్థకు కట్టాలి. అందులోంచి ముందు సంస్థ తన రుసుము తీసుకుంటుంది. ఈలోగా వడ్డీ, జరిమానాలు పెరుగుతాయి, క్రెడిట్ స్కోరు పడిపోతుంది, అప్పిచ్చినవారు కోర్టుకు వెళ్లినా ఆపగలిగేవారు ఉండరు. సలహా ఇచ్చే మనిషికి ఇలాంటి పథకం అమ్మితేనే ఆదాయం వచ్చేటప్పుడు ఆ సలహాను నమ్మడమెలా? బ్రిటన్‌లో అప్పులవాళ్లను ఇతర సంస్థలకు పంపి కమీషన్ తీసుకునే డెట్ ప్యాకేజర్ సంస్థలకు ఆ కమీషన్‌ను అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2023 అక్టోబరు నుంచి నిషేధించింది. మాకు బ్రిటన్ చరిత్ర అంత శ్రద్ధగా చెప్పినవారు ఈ ఒక్క విషయం మాత్రం చెప్పలేదు.

జాబితాలోంచి పిన్ని వివరాలు తీసేయమని అదే రాత్రి రాశాను. జవాబు రాలేదు, పిన్నికి మాత్రం ఫోన్ వెళ్లింది. ఈ రోజు ఉదయం నేను ఫోన్ చేసి, వివరాలు చెరిపేయండి, నా డబ్బు వెనక్కి ఇవ్వండి అని అడిగితే, పాఠాలు తెరిచి చూశాను కాబట్టి డబ్బు రాదన్నారు. “మీ పిన్నికి మేమేదో అన్యాయం చేస్తున్నట్టు మాట్లాడతారేంటండీ, మేలే కదా చేస్తున్నాం” అని ఫోన్ పెట్టేశారు.

చేరాలనుకునేవారు డబ్బు కట్టకముందే, ఆ ధ్రువపత్రాన్ని గుర్తించేది ఎవరో, శిక్షణ సంస్థకు కమీషన్ ఇచ్చేది ఎవరో రాతపూర్వకంగా అడగండి. అనుభవమున్న సలహాదారు పక్కన కూర్చుని మీ కేసులు సరిచూస్తారా అని కూడా అడగండి. ఉచితంగా అప్పుల సలహా ఇచ్చే సేవాసంస్థల్లో స్వచ్ఛందంగా పనిచేస్తూ నేర్చుకునే వీలుంటే ముందు అక్కడ ప్రయత్నించండి. అభ్యాసం కోసమని ఎవరి అసలు పేరూ, నంబరూ ఇవ్వకండి.

ఇదే శిక్షణలో మూడో వారం దాటినవారు ఎవరైనా ఉంటే, మీరు పట్టికలో రాసిన కుటుంబానికి ఈ రోజే ఫోన్ చేసి సంగతి చెప్పండి. తర్వాత నాకు రాయండి, ఫిర్యాదులో మీ పేరు కూడా చేరుస్తాను. నేను ఇప్పుడు పిన్ని దగ్గరికి వెళ్తున్నాను. ఆ నంబర్లు బ్లాక్ చేయాలి, బాబాయికి తనే చెప్పుకుంటానంటోంది, పక్కన ఉండమని అడిగింది.